జాగ్రత్తగా టైప్ చేసినా మాయమవుతున్న అంకెలు: ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కలెక్టర్లకు, ఆ జిల్లాల లీడ్ బ్యాంక్ మేనేజర్లకు,

నమస్కారం. మేము మండలాల్లో, గ్రామాల్లో లబ్ధిదారుల జాబితాలు ఎక్కించే కంప్యూటర్ ఆపరేటర్లం, కంప్యూటర్ పని నేర్పేవాళ్లం. ఎక్సెల్‌లో ఎక్కించే తీరు వల్ల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు, గ్యాస్ నంబర్లు పాడవుతున్నాయని, దానివల్ల జనానికి రావలసిన పైసలు ఆగిపోతున్నాయని ప్రజావాణిలో అర్జీ పెట్టుకున్నాం. రసీదు ఇచ్చారు. ఆ తర్వాత కదలిక లేదు. ‘ఆపరేటర్లు జాగ్రత్తగా కొట్టాలి’ అన్న మాట మాత్రం ప్రతి సమీక్షలో వినిపిస్తున్నది. ఎంత జాగ్రత్తగా కొట్టినా పోయే అంకెలున్నాయి. వాటి గురించే ఈ లేఖ.

ముందు జరుగుతున్నదేమిటో చెబుతాం. మీ ఆఫీసులోనే ఒక నిమిషంలో చూసుకోవచ్చు. ఎక్సెల్‌లో కొత్త షీటు తెరిచి ఒక గడిలో 1234567890123456 అని కొట్టి ఎంటర్ నొక్కండి. గడిలో 1.23457, దాని పక్కన ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, ప్లస్ గుర్తు, 15 కనిపిస్తాయి. అదే గడి మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ 1234567890123450 ఉంటుంది. చివరి 6 పోయి సున్నా వచ్చింది. హెచ్చరిక రాదు, ఎర్రగీత పడదు.

కారణం సూటిగా చెప్పొచ్చు. గడిలో ఉత్త అంకెలు పడితే ఎక్సెల్ దాన్ని కూడికలు, గుణకారాలు చేయాల్సిన సంఖ్యగా తీసుకుంటుంది. సంఖ్యలను అది 64 బిట్లలో దాచే పద్ధతిలో పెట్టుకుంటుంది. అందులో 15 అంకెల వరకే నిలుపుతుంది. 16వ అంకె నుంచి మీరేది కొట్టినా సున్నాయే. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ వాడినా పరిమితి ఇంచుమించు ఇదే. కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చినందువల్ల తీరేది కాదు. ఇంకో మాట: ఎంటర్ నొక్కిన క్షణంలోనే ఆ అంకె పోతుంది. తర్వాత ఫార్మాట్ మార్చినా, కాలమ్ వెడల్పు చేసినా తిరిగి రాదు. పాసుబుక్కు జీరాక్స్ చూసి మళ్లీ కొట్టడం ఒక్కటే దారి.

ఇక మన జాబితాల్లో తిరిగే నంబర్లు చూడండి. స్టేట్ బ్యాంక్ ఖాతా 11 అంకెలు. ఆధార్ 12. ఆభా ఆరోగ్య నంబర్ 14. యూనియన్ బ్యాంక్ ఖాతా 15, సరిగ్గా అంచు మీద ఉంటుంది. పంజాబ్ నేషనల్ బ్యాంక్ ఖాతా 16. ఆధార్ బదులు ఇచ్చే వర్చువల్ ఐడీ 16. గ్యాస్ కనెక్షన్ ఎల్పీజీ ఐడీ 17. అంటే 16 అంకెల ఖాతాలకు చివరన ఒక సున్నా, గ్యాస్ ఐడీలకు చివరన రెండు సున్నాలు పడతాయి. ఒక జాబితాలో గ్యాస్ ఐడీలన్నీ 00తో ముగిస్తే అది షీటు చేసిన పని. ఆ ఊళ్లో అందరి నంబర్లూ అట్లా ముగియడం జరగదు.

ముందుండే సున్నాలది ఇంకో తిప్పలు. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు బ్రాంచి కోడ్‌తో మొదలవుతాయి, ఆ కోడ్ సున్నాతో మొదలు కావచ్చు. సంఖ్యగా కొడితే ముందరి సున్నా ఉండదు, 15 అంకెల ఖాతా 14 అవుతుంది. స్టేట్ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో మాత్రం 11 అంకెల ముందు ఆరు సున్నాలు పెట్టి 17గా చూపిస్తారు. అక్కడ సున్నాలు పోయినా అసలు నంబరుకు నష్టం లేదు. ఒక బ్యాంకులో పనికిరాని సున్నా ఇంకో బ్యాంకులో ప్రాణం. ఈ తేడా జాబితా నింపే మనిషికి ఎవరూ చెప్పడం లేదు.

ఆధార్ 12 అంకెలే కదా, 15 లోపలే ఉన్నది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎక్సెల్ ఫైలుగానే ఉన్నంతసేపు ఆ ధీమా నిజమే. గడిలో వంకరగా కనిపించినా లోపల 12 అంకెలూ ఉంటాయి. ముప్పు సీఎస్‌వీ ఫైలుతో (గడుల్లోని సమాచారాన్ని కామాలతో విడదీసి ఉత్త అక్షరాలుగా దాచే ఫైలు) వస్తుంది. పోర్టల్‌లో అప్‌లోడ్ చేయడానికి చాలాచోట్ల సీఎస్‌వీనే అడుగుతారు. ఎక్సెల్ ఒక షీటును సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు గడి లోపల ఉన్న విలువను కాకుండా గడి మీద కనిపిస్తున్నదాన్ని రాస్తుంది. 234567890123 అన్న నంబరు తెరమీద 2.34568, ‘ఈ’, ప్లస్ 11గా కనిపిస్తుంటే ఫైల్లో అదే పడుతుంది. మళ్లీ తెరిస్తే 234568000000. ఆరు అంకెలు ఖతం. ఆధార్ చివరి అంకె మిగతా 11 అంకెలను బట్టి లెక్క కట్టి పెట్టిన తనిఖీ అంకె కాబట్టి మంచి పోర్టల్ అయితే ఇట్లాంటి నంబర్లలో చాలావాటిని వెంటనే తిప్పికొడుతుంది. ఖాతా నంబర్లకు అన్ని బ్యాంకులకూ కలిపి అట్లాంటి ఉమ్మడి తనిఖీ లేదు. తప్పు నంబరు నెమ్మదిగా లోపలికి పోతుంది.

ఖాతాలతోనే ఆగదు. భూమి జాబితాల్లో సర్వే నంబరు 12/3 అని కొడితే కంప్యూటర్‌లో తేదీ అమరికను బట్టి అది మార్చి 12గానో డిసెంబర్ 3గానో మారుతుంది. 2025లో కొట్టినదైతే, ఆ మార్చి 12ను తర్వాత టెక్స్ట్‌గా మార్చినప్పుడు గడిలో మిగిలేది 45728. అది ఏ సర్వే నంబరో చూసినవాళ్లెవరూ చెప్పలేరు. ఇంటి నంబరు 5-12కూ ఇదే గతి. ప్రపంచమంతా ఉన్న బాధే ఇది. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తున్నదని 2020లో మానవ జన్యువుల పేర్లు ఖరారు చేసే శాస్త్రవేత్తల కమిటీ కొన్ని జన్యువుల పేర్లనే మార్చింది. మన సర్వే నంబర్లను, ఇంటి నంబర్లను మార్చుకోలేం. ఎక్కించే పద్ధతినే మార్చుకోవాలి.

దీనివల్ల జనం మీద పడుతున్న భారం ఇది:

1. వడ్ల పైసలు, పంట నష్టపరిహారం. తప్పు నంబరు మీద ఖాతా లేకపోతే డబ్బు తిరిగొస్తుంది. అది నయం. ఆ నంబరు మీద ఇంకొకరి ఖాతా ఉంటే వాళ్లకు జమవుతుంది. ఎందుకంటే రిజర్వు బ్యాంకు 2010 అక్టోబర్ 14న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎలక్ట్రానిక్ చెల్లింపులను బ్యాంకులు ఖాతా నంబరు ఒక్కటే చూసి జమ చేయొచ్చు, పేరు కలవాల్సిన పని లేదు. వరస నంబర్లున్నచోట ఏమవుతుందో చూడండి. ఒకే రోజు ఒకే బ్రాంచిలో పది మంది ఖాతాలు తెరిచారు, 16 అంకెల నంబర్లలో చివరి అంకె 0 నుంచి 9 వరకు వచ్చింది. ఎక్సెల్‌లో సంఖ్యలుగా ఎక్కిస్తే పదీ చివర సున్నాతో ఒకే నంబరవుతాయి. పది మంది డబ్బు మొదటి మనిషి ఖాతాలో పడుతుంది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ చొప్పున 40 క్వింటాళ్లు కాంటా పెట్టిన రైతుకు ఒక్క బోనసే 20,000 రూపాయలు. ఆ డబ్బు పక్కవాళ్ల ఖాతాలో ఉన్నదని తెలిశాక కూడా, వాళ్లు ఒప్పుకుని తిరిగి ఇచ్చేదాకా ఆయన చేతికి రాదు. ఊళ్లో తగాదాలు పుట్టేది ఇట్లాంటి చోటే. తప్పెవరిదని పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు ఎక్సెల్ గడి పేరు ఎవరూ ఎత్తరు.

పంట రుణం గడువులోగా కట్టినవారికి 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. వడ్ల పైసలు రాక గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. బయట అప్పు తెచ్చి కడితే ఆ వడ్డీ నెత్తిన పడుతుంది. నంబరు సరిచేశాక అసలు డబ్బు వస్తుంది కానీ ఈ నష్టం పూడ్చేవారు లేరు.

2. వలసపోయినవారు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాద్ అడ్డాల మీద పనిచేసేవాళ్ల ఖాతాలు ఊళ్లోనే ఉంటాయి. నంబరు తప్పుపడ్డదని తెలిస్తే పాసుబుక్కు, ఆధార్ పట్టుకుని ‘మనిషే రావాలి’ అంటున్నారు. రానుపోను బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపితే చాలాసార్లు రావలసిన సాయం కన్నా ఖర్చే ఎక్కువ. అట్లా వదులుకున్నవాళ్లున్నారు.

3. మహిళా సంఘాల సభ్యులు. రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేయడానికి, ఒక నంబరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంట్ఇఫ్ ఫార్ములా గానీ, ఒకేలా ఉన్న గడులకు రంగు వేసే డూప్లికేట్ వాల్యూస్ అమరిక గానీ వాడుతున్నారు. నంబర్లను సరిగ్గా టెక్స్ట్‌గా ఎక్కించినా ఇక్కడ మోసం జరుగుతుంది. పోల్చేటప్పుడు కౌంట్ఇఫ్ వాటిని మళ్లీ సంఖ్యలుగా చూసి మొదటి 15 అంకెలే సరిపోలుస్తుంది. 16వ అంకెలో మాత్రమే తేడా ఉన్న ఇద్దరు వేర్వేరు అక్కాచెల్లెళ్లు ‘డూప్లికేట్’ అవుతారు, ఒకరి పేరు కొట్టేస్తారు. ఆమెకు కారణం కూడా తెలియదు. డబ్బు తప్పుగా పడితే ఎక్కడో జాడ దొరుకుతుంది; పేరే పోతే వెతకడానికి ఏమీ మిగలదు. మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

4. విద్యార్థులు. స్కాలర్‌షిప్ ఆగితే కాలేజీలో ఫీజు బాకీ కనిపిస్తుంది, సర్టిఫికెట్లు ఇయ్యరు.

5. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. డబ్బు ఏ బ్యాంకు బ్రాంచికి పోవాలో చెప్పే ఈ కోడ్ నాలుగు అక్షరాలు, ఒక సున్నా, ఆరు గుర్తుల బ్రాంచి కోడ్ కలిపి 11. అక్షరాలుంటాయి కాబట్టి చెడదనుకుంటారు. కానీ ఒక ఊరివాళ్లందరికీ ఒకే బ్రాంచి కదా అని గడి మూల పట్టుకుని కిందికి లాగితే ఎక్సెల్ చివరి అంకెను ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతుంది. 1234తో ముగిసే కోడ్ కింది వరసలో 1235, ఆ కింద 1236. మొదటి రైతుకు సరైన బ్రాంచి, రెండో రైతు నుంచి ఊరు, పేరు తెలియని బ్రాంచీలు. అదే కోడ్ కిందికి కావాలంటే మొదటి గడితో సహా కింది గడులన్నీ ఎంచుకుని కంట్రోల్+డి నొక్కాలి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు, ఖర్చు అసలే లేదు. లెక్కలు చేయని నంబరును టెక్స్ట్‌గా ఎక్కించాలి. ఖాతా నంబర్లను ఎవరూ కూడరు, ఆధార్‌కు సగటు తీయరు.

కొట్టడం మొదలుపెట్టకముందే ఆ కాలమ్ పైనున్న అక్షరం మీద క్లిక్ చేసి మొత్తం కాలమ్ ఎంచుకోవాలి. కంట్రోల్+1 నొక్కితే ఫార్మాట్ సెల్స్ వస్తుంది. నంబర్ ట్యాబ్‌లో టెక్స్ట్ ఎంచుకుని ఓకే. ఇక కొట్టిన నంబరు గడిలో ఎడమవైపుకు ఆనుకుని, అన్ని అంకెలతో కనిపిస్తుంది. ఒకటి రెండు గడులే అయితే నంబరు ముందు సింగిల్ కోట్ గుర్తు పెట్టి కొట్టినా చాలు. ఆ గుర్తు తెరమీద కనిపించదు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది. అది తప్పు కాదు. దాని మీద క్లిక్ చేస్తే వచ్చే వాటిలో ‘కన్వర్ట్ టు నంబర్’ ఎంచుకుంటే మాత్రం అంతా మొదటికొస్తుంది. ‘ఇగ్నోర్ ఎర్రర్’ ఎంచుకోవాలి. గడిలో వరుసగా హాష్ గుర్తులు కనిపిస్తే అది కాలమ్ ఇరుకై వచ్చిన తంటా, దానివల్ల అంకెలు పోవు.

వేరేచోటి నుంచి కాపీ చేసి అతికించేటప్పుడు మామూలు పేస్ట్ వాడితే టెక్స్ట్ అమరిక చెరిగిపోవచ్చు. రైట్ క్లిక్ చేసి ‘మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్’ తో అతికించాలి. నాలుగేసి అంకెలకు మధ్య ఖాళీలున్న నంబర్లలో ఖాళీలు తీయడానికి ఫైండ్ అండ్ రీప్లేస్ జోలికి పోకుండా, పక్క కాలమ్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములా వాడాలి. దాని జవాబు టెక్స్ట్‌గానే వస్తుంది.

సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకూడదు. ఖాళీ ఎక్సెల్ షీటు తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ’ తో ఫైలు ఎంచుకుంటే ముందుగా ఒక ప్రివ్యూ కిటికీ వస్తుంది. అందులో డేటా టైప్ డిటెక్షన్ దగ్గర ‘డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్’ పెట్టి లోడ్ చేయాలి. పాత ఎక్సెల్‌లో వచ్చే ఇంపోర్ట్ విజార్డ్‌లో మూడో మెట్టున ఆ కాలమ్ ఎంచుకుని టెక్స్ట్ పెట్టాలి. లిబ్రేఆఫీస్‌లో తెరిచేటప్పుడే కాలమ్ టైప్ అడుగుతుంది. గూగుల్ షీట్స్‌లో ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో ఇంకో వెసులుబాటు వచ్చింది: ఫైల్, ఆప్షన్స్, డేటాలోకి పోతే ముందు సున్నాలు తీసేయడం, పొడవు నంబర్లను 15 అంకెలకు కుదించడం లాంటివి ఆపేసే టిక్కులున్నాయి. ఆఫీసుల్లో పాత వెర్షన్లే ఎక్కువ కాబట్టి దీనిమీదే ఆధారపడటం కుదరదు.

ఎక్కించాక తనిఖీ. పక్క కాలమ్‌లో లెన్ ఫార్ములా పెట్టి ప్రతి నంబరుకు ఎన్ని అంకెలున్నాయో చూడాలి. బ్యాంకు వారీగా ఫిల్టర్ చేస్తే 15 ఉండాల్సినచోట 14 ఉన్నవి బయటపడతాయి. 16 అంకెల కాలమ్‌లో వరుసగా అన్నీ సున్నాతో ముగిస్తే ఆ జాబితా మొత్తం పనికిరాదు. డూప్లికేట్లు వెతికేటప్పుడు కౌంట్ఇఫ్‌లో వెతికే విలువకు చివర నక్షత్రం గుర్తు కలిపితే అది అంకెలను అక్షరాలుగా చూసి పూర్తిగా పోలుస్తుంది. ఒకే పొడవున్న నంబర్ల మధ్య ఇది సరిగ్గా పనిచేస్తుంది.

ఈ విషయాలన్నీ మీ ముందు పెట్టి మేము అడుగుతున్నవి:

1. ప్రతి జిల్లాలో ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే సంస్థ) కేంద్రం ద్వారా ఒకే నమూనా ఎక్సెల్ ఫైలు తయారు చేయించి అన్ని శాఖలకు పంపాలి. అందులో ఖాతా, ఆధార్, గ్యాస్, సర్వే, ఇంటి నంబర్ల కాలమ్‌లు ముందే టెక్స్ట్‌గా ఉండాలి. ఆధార్‌కు 12, గ్యాస్‌కు 17 అంకెలు తప్ప తీసుకోకుండా డేటా వాలిడేషన్ పెట్టాలి. అమరికను ఎవరూ మార్చకుండా షీటుకు తాళం వేయాలి. ఒక్కొక్క శాఖ ఒక్కొక్క ఫార్మాట్ వాట్సాప్‌లో పంపడం ఆపాలి.

2. ఖాతా నంబరు రెండుసార్లు, రెండు వేర్వేరు కాలమ్‌లలో కొట్టించాలి. రెండూ ఒకటేనా అన్నది ఎగ్జాక్ట్ ఫార్ములాతో తేల్చాలి.

3. డబ్బు వేయకముందే పేరు, ఖాతా సరిపోలాయో లేదో చూడాలి. ప్రభుత్వ చెల్లింపులు నడిపే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌లో ఖాతాలను ముందుగా సరిచూసే ఏర్పాటు ఉన్నది. దానిద్వారా పోని చెల్లింపులకు లీడ్ బ్యాంక్ మేనేజర్లు ఆయా బ్రాంచీలతో సరిచూయించాలి. తమ బ్యాంకు ఖాతాకు ఎన్ని అంకెలు, ముందరి సున్నా ఉంచాలా తీసేయాలా అన్నది ప్రతి బ్యాంకు ఒక కాగితం మీద రాసి మండలాలకు ఇవ్వాలి.

4. షీటులో రంగు వచ్చిందని, డూప్లికేట్ అని ఏ పేరునూ తొలగించొద్దు. తొలగించే ముందు ఆ ఇద్దరి పాసుబుక్కు మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇప్పటిదాకా డూప్లికేట్ పేరుతో తీసేసిన 16, 17 అంకెల నంబర్ల వారినందరినీ మళ్లీ పరిశీలించాలి.

5. తిరిగొచ్చిన చెల్లింపుల జాబితాను పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలతో గ్రామ పంచాయతీ దగ్గర పెట్టాలి. పూర్తి ఆధార్, పూర్తి ఖాతా నంబరు గోడ మీద గానీ వాట్సాప్ గ్రూపుల్లో గానీ పెట్టొద్దు. సవరణ ఊళ్లోనే జరగాలి. వలసపోయినవారి నుంచి పాసుబుక్కు ఫొటో, ఫోన్‌లో నిర్ధారణ తీసుకుంటే చాలు.

6. వేరేవాళ్ల ఖాతాలో పడ్డ డబ్బును రాబట్టే బాధ్యత జాబితా పంపిన శాఖ తీసుకోవాలి. బాధితుడిని పక్కింటివాళ్ల మీదికి పంపొద్దు.

7. ఆపరేటర్లకు, సంఘాల లెక్కలు రాసేవాళ్లకు, కొనుగోలు కేంద్రాల సిబ్బందికి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఈ లేఖలో రాసిన పద్ధతులు మేమే వచ్చి నేర్పుతాం, దానికి రూపాయి కూడా అడగం. షీటు మింగిన అంకెకు ఆపరేటర్ జీతం కోయడం, నోటీసులివ్వడం ఆపాలి.

మొదటి మూడు పనులు యాసంగి వడ్ల కాంటాలు మొదలుకాకముందే పూర్తి కావాలి. నాలుగో అంశంలోని పునఃపరిశీలనకు తేదీ ప్రకటించి, ఏ అధికారిని కలవాలో ప్రతి మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టించాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కంప్యూటర్ ఆపరేటర్లు, శిక్షకులు

ప్రతులు: జిల్లా వ్యవసాయ, పౌర సరఫరాలు, గ్రామీణాభివృద్ధి శాఖల అధికారులకు, మండల సమాఖ్యలకు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు